జనరల్ బోగీ దాకా నీడ

మే నెలలో మధ్యాహ్నం మూడు గంటల వేళ, విజయవాడ నుంచి గూడూరు వెళ్లే దారిలో ఏదైనా ఒక మధ్యరకం స్టేషన్‌లో పది నిమిషాలు నిలబడి చూడండి. ప్లాట్‌ఫారం అర కిలోమీటరుకు పైగా పొడవుంటుంది గానీ, జనమంతా స్టేషను భవనం ఎదుట ఉన్న కప్పు కిందే గుమిగూడి ఉంటారు. బండి వస్తోందన్న ప్రకటన వినబడగానే ఆ గుంపులో సగానికి సగం మంది సంచులు భుజాన వేసుకుని, చంటిపిల్లల్ని చంకనెత్తుకుని, రెండు చివరలకూ పరుగు తీస్తారు. వాళ్లు ఎక్కవలసిన జనరల్ బోగీలు సాధారణంగా బండికి ముందూ వెనకా ఉంటాయి. కప్పు మాత్రం ఏసీ, స్లీపర్ బోగీలు ఆగే నడిమి భాగంలో ఉంటుంది. రిజర్వేషన్ ఉన్నవాడు తన బోగీ ఎక్కడ ఆగుతుందో ముందే తెలుసుకుని నీడలో కూర్చుంటాడు. రిజర్వేషన్ లేనివాడు బండి కదిలేలోగా నిలబడే చోటు దొరకాలంటే అరగంట ముందే ఎండలోకి వెళ్లి నిలబడాలి.

నేను కాంక్రీటు నిర్మాణాల లెక్కలు వేసే ఇంజనీరును. ప్లాట్‌ఫారాలు, వాటి మీది కప్పులు నా పనిలో చాలా ఏళ్లుగా భాగం. ఈ వ్యాసంలో నేను వాదించదలచుకున్నది ఒక్కటే. ప్లాట్‌ఫారం నడుమ ఘనంగా కనిపించే ఒక పెద్ద కప్పు వెయ్యడం మానేసి, ఒకే అచ్చులో పోసిన చిన్న కాంక్రీటు కప్పును ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వరుసగా నిలబెట్టాలి. దాని పునాదీ ప్లాట్‌ఫారమూ ఒకే నిర్మాణంగా ఉండాలి. ఇది కేవలం దయ కొద్దీ చెబుతున్న మాట కాదు. లెక్కలు కూడా అటే చూపిస్తున్నాయని నా నమ్మకం, ఆ లెక్కలనే మీ ముందు పెడతాను.

ముందుగా ఎండ సంగతి. విజయవాడ అక్షాంశం 16.5 డిగ్రీలు. మే నెలలో సూర్యుడు మిట్టమధ్యాహ్నం దాదాపు నడినెత్తిన ఉంటాడు, అందుకే పన్నెండు గంటలకు ఏ కప్పు అయినా తన కింద తాను నీడ ఇస్తుంది. కష్టమంతా మధ్యాహ్నం తరువాతే. మూడు గంటలకు సూర్యుడు పడమటి దిక్కున సుమారు 47 డిగ్రీల ఎత్తుకు దిగుతాడు, అంటే కప్పు అంచు ఎంత ఎత్తులో ఉందో ఇంచుమించు అంత దూరం నీడ తూర్పుకు జరుగుతుంది. తెనాలి, ఒంగోలు, నెల్లూరు మీదుగా పోయే ఈ లైను మొత్తం మీద ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది కాబట్టి ఎండ ప్లాట్‌ఫారానికి అడ్డంగా, నేరుగా లోపలికి వస్తుంది. 10 మీటర్ల వెడల్పున్న ప్లాట్‌ఫారం మీద, రెండు వైపులా ఒక్కో మీటరు వదిలి, 8 మీటర్ల వెడల్పున కప్పు వేశామనుకుందాం. దాని అంచు 6 మీటర్ల ఎత్తులో ఉంటే, మూడు గంటలకు పడమటి అంచు నుంచి ఆరున్నర మీటర్ల మేర ఎండే ఉంటుంది, నీడ మిగిలేది మూడున్నర మీటర్లు కూడా కాదు. అదే అంచు 4 మీటర్ల ఎత్తులో ఉంటే నీడ 5 మీటర్లు దాటుతుంది. సిమెంటు, ఇనుము అదనంగా పెట్టనక్కరలేకుండా, కేవలం ఎత్తు తగ్గించడం వల్ల దొరికే నీడ అది. అయినా కొత్తగా వేసే కప్పుల బొమ్మలు చూసినప్పుడల్లా, ఫొటోలో గంభీరంగా కనబడాలనే కోరికతో ఎత్తు పెంచుతూ పోవడమే నాకు కనిపిస్తోంది. విమానాశ్రయానికి ఎత్తైన కప్పు శోభనిస్తుంది, అక్కడ నాలుగు వైపులా గోడలుంటాయి. గోడలు లేనిచోట ఎత్తు పెంచడమంటే ఎండకూ జల్లుకూ దారి ఇవ్వడమే.

అయితే ఎత్తు తగ్గించడం నా ఒక్కడి ఇష్టంతో జరిగే పని కాదు. బండి పైకప్పు పట్టాల మీంచి 4 మీటర్ల ఎత్తుకు వస్తుంది, దానిపైన 25,000 వోల్టుల తీగ ఉంటుంది. రైల్వే కొలతల నియమావళి ఏ వస్తువు పట్టాలకు ఎంత దూరంలో ఉండాలో మిల్లీమీటర్లతో సహా నిర్ణయించింది. కప్పు మోసే స్తంభం పట్టాల మధ్యరేఖకు దాదాపు నాలుగున్నర మీటర్ల దూరంలోనైనా ఉండాలి. ప్లాట్‌ఫారం చివర, బండి బయలుదేరడానికి అనుమతి ఇచ్చే స్టార్టర్ సిగ్నలు డ్రైవరుకు కనబడకుండా కప్పు అంచు అడ్డు రాకూడదు, వంపు తిరిగిన ప్లాట్‌ఫారాల మీద ఇది పెద్ద చిక్కే. కాబట్టి నేను అడిగేది ఆ నియమాలు అనుమతించినంత కిందికి దించమని మాత్రమే.

ఇక వాన. ఇక్కడే అసలు పేచీ మొదలవుతుంది. ఇంటి కప్పులాగా నడుమ ఎత్తుగా, అంచులు వాలుగా వేస్తే అంచులు కిందికి దిగి నీడ బాగా వస్తుంది గానీ, వాననీరంతా సరిగ్గా బండి ఎక్కేచోట, మనిషికీ తలుపుకీ మధ్య ధారగా పడుతుంది. దానికి తొట్టి కట్టి పైపు పెడతారు, ఆ తొట్టి మొదటి వానాకాలానికే చెత్తతో నిండిపోతుంది. తిరగేసి, సీతాకోకచిలుక రెక్కల్లా అంచులు పైకి, నడుము కిందికి వేస్తే నీరంతా నడిమి కాలువలోకి వచ్చి స్తంభం పక్కన దిగిపోతుంది, బండి ఎక్కేవాడు తడవడు. కానీ అంచులు పైకి లేస్తాయి కాబట్టి నీడ తగ్గుతుంది. ఎండ ఒక ఆకారం అడుగుతుంది, వాన మరొకటి అడుగుతుంది. రేకుల కప్పుకు ఈ పేచీ తీరడం కష్టం, ఎందుకంటే రేకుల అతుకుల్లోంచి నీరు కారకుండా ఉండాలంటే వాలు బాగా ఇవ్వాలి, వాలు ఇచ్చినకొద్దీ అంచు లేస్తుంది. కాంక్రీటు పలకకు అంత వాలు అక్కరలేదు. 4 మీటర్ల రెక్కకు 25 సెంటీమీటర్ల వాలు ఇస్తే నీరు నిలవకుండా నడిమికి జారిపోతుంది. నడుమ మూడున్నర మీటర్లు ఉంచి, అంచును నాలుగు మీటర్లు దాటకుండా ఆపవచ్చు. కాంక్రీటును నేను ఎంచుకోవడానికి మొదటి కారణం ఇదే. బలం గురించిన మాట తరువాత వస్తుంది.

ఆ బలం సంగతి కోస్తాలో గాలి నిర్ణయిస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన తుపాను, 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, ఇవన్నీ కోస్తా రైలు మార్గం చుట్టుపక్కలే నడిచాయి. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం విజయవాడ, విశాఖలకు మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44 మీటర్లు. వేగాన్ని వేగంతో గుణించి దాన్ని 0.6తో హెచ్చిస్తే చదరపు మీటరుకు న్యూటన్లలో ఒత్తిడి వస్తుంది. కోస్తాకు అది 1500, అంటే చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. నాలుగు వైపులా తెరిచి ఉన్న కప్పును గాలి కింద నుంచి ఎత్తుతుంది, పైనుంచి లాగుతుంది. రెండూ కలిసినచోట 180 కిలోల దాకా ఎగదన్నే బలం ఉంటుందని అనుకుని నేను లెక్క మొదలుపెడతాను. రేకూ, దాన్ని మోసే ఇనుప దూలాలూ కలిపి చదరపు మీటరుకు పదిహేను ఇరవై కిలోల బరువు ఉంటే గొప్ప. అంటే తుపాను రాత్రి ఆ కప్పును పట్టి ఉంచేవి బోల్టులూ హుక్కులూ మాత్రమే, అవి ఉప్పుగాలిలో పదేళ్లుగా తుప్పు పడుతూ ఉన్నవి. 12 సెంటీమీటర్ల మందం ఉన్న కాంక్రీటు పలక చదరపు మీటరుకు 300 కిలోలు తూగుతుంది. గాలి ఎంత ఎగదన్నినా అది తన బరువుతో తాను కూర్చుని ఉంటుంది. లేచిన రేకు అక్కడితో ఆగదు, విద్యుత్ తీగల మీద పడి లైను మొత్తాన్ని ఆపేస్తుంది. తుపాను మర్నాడు సహాయం రైలు మీదే రావాలి కదా.

బరువు ఊరికే రాదు, దానికి మూల్యం ఉంటుంది. ఆ మూల్యమంతా స్తంభం దగ్గర చెల్లించాలి. నేను గీసుకున్న కప్పుకు 6 మీటర్లకు ఒక స్తంభం, ప్లాట్‌ఫారం నడుమ ఒకే వరుస. ప్రతి స్తంభం తల నుంచి రెండు వైపులకూ నాలుగేసి మీటర్ల కొమ్ములు. కొమ్ము నుంచి కొమ్ముకు 6 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు ఉన్న పలకలు. ఒక్కో పలక రెండు టన్నుల లోపు, చిన్న క్రేను ఎత్తగలిగినంత. ఇలా ఒక చివర మాత్రమే పట్టు ఉండి గాలిలోకి చాచిన కొమ్మునే కాంటిలీవరు అంటారు. కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కాంటిలీవరు పొడవుకు మందం ఏడో వంతు ఉండాలన్న ప్రాథమిక లెక్కతో, కొమ్ము మొదట్లో లోతు 57 సెంటీమీటర్ల చుట్టూ వస్తుంది, చివరికి పోయేసరికి 20 చాలు. రెండు కొమ్ములూ సమంగా ఉన్నంతకాలం స్తంభానికి వంగే పని లేదు, నిలువు బరువు మోస్తే చాలు. అచ్చంగా భుజాన కావడి మోయడం లాంటిది. రెండు కుండలూ నిండుగా ఉన్నప్పుడు మనిషి నిటారుగా నడుస్తాడు, ఒక కుండ దించితే పక్కకు ఒరిగిపోతాడు. అందుకే పలకలు పేర్చేటప్పుడు కుడివైపు ఒకటి పెట్టాక ఎడమవైపు ఒకటి పెట్టాలని డ్రాయింగు మీదే పెద్ద అక్షరాలతో రాస్తాను. ఒక వైపంతా ముందు పేర్చేస్తే స్తంభం మొదట్లో పడే వంపు బలం సుమారు 14 టన్ను మీటర్లు. పూర్తయిన తరువాత ఎన్నడూ రానంత బరువు, కడుతున్న ఆ ఒక్క రోజు రావచ్చు. భూకంపం మాత్రం కావడిని చూసి జాలిపడదు. బరువంతా తల మీద, కాలు ఒక్కటే కావడం వల్ల ఇది తలకిందులైన లోలకం. 2016 నాటి భూకంప ప్రమాణం ఐఎస్ 1893లో విజయవాడ మూడో జోన్‌లో ఉంది. స్తంభం అడుగున నిలువు చువ్వల చుట్టూ రింగులు దగ్గర దగ్గరగా కట్టడంలో బద్ధకించకూడదు.

కాంటిలీవరు గురించి ఒక అనుభవం చెప్పాలి. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో ఒక చిన్న స్టేషన్‌లో, పేరు అనవసరం, అక్కడికక్కడే సెంట్రింగ్ కట్టి పోస్తున్న కప్పును చూడడానికి వెళ్లాను. ఇంట్లో వేసే మామూలు స్లాబులో రెండు గోడల నడుమ ఇనుము కింది భాగంలో ఉంటుంది. కాంటిలీవరుకు అది తలకిందులు, లాగుడు పై భాగంలో ఉంటుంది కాబట్టి ఇనుమూ పైనే ఉండాలి. కట్టినప్పుడు పైనే కట్టారు. కానీ కాంక్రీటు గమేళాలు మోసుకొచ్చే కూలీలు ఆ చువ్వల మీదే నడిచారు, వాటిని ఎత్తి పట్టడానికి కింద నిలబెట్టవలసిన ఇనుప ఛైర్లు మూడు మీటర్లకు ఒకటి కూడా లేవు. నేను కొలిచేసరికి 15 సెంటీమీటర్ల స్లాబులో పై చువ్వలు 5 సెంటీమీటర్లు దిగిపోయి ఉన్నాయి. ఉపయోగపడే లోతు 12 సెంటీమీటర్లు ఉండవలసింది 7 అయింది, అంటే బలం దాదాపు నలభై శాతం పోయినట్టే. బయటి నుంచి చూస్తే ఏమీ తెలియదు, స్లాబు నున్నగా ఉంటుంది, రంగు వేస్తే అందంగా ఉంటుంది. ఆ రోజు పోయడం ఆపించాను, మేస్త్రీ నన్ను చాలాసేపు తిట్టాడు. అతన్ని నేను తప్పుపట్టలేదు, ఇనుము పైన ఎందుకుండాలో అతనికి ఎవరూ చెప్పలేదు. కాంటిలీవరు కప్పును ప్లాట్‌ఫారం మీదే, జనం నడుమ, హడావుడిగా పోయడం మీద నాకు నమ్మకం పోయింది ఆ రోజే. కొమ్ములూ పలకలూ నేల మీద, ఒక యార్డులో, ఉక్కు అచ్చులో, చువ్వ ఎక్కడుందో కొలిచి చూసిన తరువాత పోసి, గట్టిపడ్డాక తెచ్చి నిలబెట్టాలి. ఒకే అచ్చులో నూరుసార్లు పోస్తే పదోసారికి పని చేతికి వస్తుంది.

అచ్చుపోసి తేవడానికి ఇంకో కారణం కూడా ఉంది. నడుస్తున్న ప్లాట్‌ఫారం మీద సెంట్రింగ్ కడితే, 6 మీటర్ల దూలం కింద ఊతకర్రలు మామూలుగా 14 రోజులు ఉండాలి, కాంటిలీవరుకు ఇంకా ఎక్కువ ఉంచడమే మంచిది. అన్ని రోజులూ ప్రయాణికులు ఆ కర్రల నడుమ నడవాలి. తీగల పక్కన క్రేనుతో పలక ఎత్తాలంటే కరెంటు ఆపి, బండ్లు ఆపి బ్లాకు తీసుకోవాలి, బ్లాకు దొరకడం ఎంత కష్టమో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. అయినా రాత్రిపూట కొద్ది గంటలు దొరికిన బ్లాకులో ముందుగా పోసిన పలకలు పేర్చుకోవచ్చు. సెంట్రింగుకు ఆ అవకాశం లేదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో సదరన్ రైల్వే సంస్థ రెండు ప్రపంచయుద్ధాల నడిమి కాలంలో ఎక్సెటర్ దగ్గరి ఎక్స్‌మత్ జంక్షన్‌లో ఒక కాంక్రీటు కర్మాగారం నడిపింది. ప్లాట్‌ఫారం గోడలు, దీపస్తంభాలు, కంచెలు, నడక వంతెనలు అక్కడ అచ్చుపోసి బండ్ల మీద స్టేషన్లకు పంపేవారు. అదే సంస్థ లండన్ శివారులో 1938లోనూ 1939లోనూ రెండు విడతలుగా తెరిచిన చెసింగ్టన్ శాఖ మార్గంలో, మాల్డెన్ మేనర్, టాల్వర్త్, చెసింగ్టన్ స్టేషన్లకు కాంక్రీటు కప్పులు వేశారు. ప్లాట్‌ఫారం అంచు వైపు ఒక్క స్తంభమూ లేకుండా, వెనక నుంచి వంపు తిరిగి ముందుకు చాచిన కాంటిలీవర్లు అవి. పలకలో గుండ్రటి గాజు బిళ్లలు పొదిగి పగటి వెలుతురు కిందికి దించారు. అక్కడ ఎండ కోసం ఎదురుచూసే దేశం కాబట్టి వెలుతురు కావాలి, మనకు ఆ గాజుబిళ్లలు వద్దు. మనం తీసుకోవలసింది వేరే ఉంది. అవి మహానగరపు టెర్మినల్సు కావు, ఊళ్ల అంచున కట్టిన చిన్న స్టేషన్లు. అలాంటిచోట్ల కూడా కప్పును ఒక పూర్తి వస్తువుగా ఆలోచించి, ఒకే రూపాన్ని స్టేషను తరువాత స్టేషనుకు వాడుకున్నారు. ఎనభై ఏళ్లు దాటినా ఆ కప్పుల కింద జనం బండి కోసం నిలబడుతూనే ఉన్నారు.

మన కోస్తాలో ఎనభై ఏళ్లు నిలబడాలంటే ఉప్పుతో పోరాడాలి. చీరాల, బాపట్ల లాంటి ఊళ్లకు సముద్రం కూతవేటు దూరం. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే కొన్ని రెట్లు చోటు ఆక్రమిస్తుంది, లోపలి నుంచి కాంక్రీటును పగలగొట్టుకుని బయటికి వస్తుంది. పాత స్లాబుల అడుగున పెచ్చులూడి ఎర్రటి చువ్వలు కనబడేది అందుకే. ఐఎస్ 456 తీరప్రాంతానికి తీవ్ర పరిస్థితి అని పేరు పెట్టి ఎం30 రకం కాంక్రీటు, చువ్వల మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు, సిమెంటుకు 0.45 వంతు మించని నీరు అడుగుతుంది. సముద్రపు తుంపర తగిలేచోటికి ఎం35, 50 మిల్లీమీటర్లు. ఈ అంకెల్లో నన్ను అన్నిటికంటే భయపెట్టేది నీటి అంకె. కవరు బ్లాకులు కొనవచ్చు, ఎం30 అని బిల్లులో రాయించవచ్చు. పని సులువుగా జారాలని మిక్సరులో ఎవరో ఒక బకెట్టు నీళ్లు ఎక్కువ పోస్తే, ఆ తప్పు పదిహేనేళ్ల తరువాత గానీ కనబడదు. యార్డులో పోయించాలనడానికి ఇదీ ఒక కారణమే, అక్కడ బకెట్టు మీద ఒక కన్ను వేసి ఉంచవచ్చు.

కాంక్రీటు కప్పు వేడిని దాచుకుని సాయంత్రం దించుతుందని కొందరు మిత్రులు అంటారు. నిజమే. రేకు మధ్యాహ్నమే నెత్తి మాడుస్తుంది, కాంక్రీటు ఆలస్యంగా, మెల్లగా ఇస్తుంది. నాలుగు వైపులా గాలి ఆడేచోట సాయంత్రపు వేడి భరించదగినదే గానీ, దాన్ని కూడా తగ్గించవచ్చు. వేసవికి ముందు డాబా మీద సున్నం కొట్టడం మన ఇళ్లల్లో అమ్మమ్మల నాటి నుంచీ ఉన్న అలవాటు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చినప్పుడు దాని సారం అదే: తెల్లటి కప్పు ఎండను వెనక్కి పంపిస్తుంది. ప్లాట్‌ఫారం కప్పు మీద పగిలిన తెల్ల పెంకులు పరిస్తే ఏటేటా సున్నం కొట్టే పనీ ఉండదు.

ఇంతవరకూ కప్పు గురించే చెప్పాను. నేను ఎక్కువ మథనపడేది దాని పాదం దగ్గర. మామూలుగా ప్లాట్‌ఫారం అంటే రెండు గోడలు కట్టి నడుమ మట్టి నింపి పైన బండలు పరచడం. కొన్నేళ్లకు మరో కాంట్రాక్టు కింద కప్పు మంజూరవుతుంది. అప్పుడు ఆ బండలు పగలగొట్టి, మట్టి తవ్వి, ఫుటింగులు, అంటే స్తంభాల పునాది దిమ్మలు, వేస్తారు. పట్టాల పక్కన గొయ్యి తీస్తున్నారంటే లైను మీద కాషన్ ఆర్డరు పెట్టాలి, బండ్లన్నీ నెమ్మదించాలి. తవ్వి పూడ్చిన మట్టి ఎంత దిమ్మిస కొట్టినా తరువాత కుంగుతుంది. కప్పు నీరు స్తంభంలో దాచిన పైపు ద్వారా దిగి, అడుగున ఎక్కడో అతుకు ఊడి ఆ మట్టిలోకే ఇంకుతుంది. నానిన మట్టి ఉబ్బి గోడను పట్టాల వైపు నెడుతుంది. ప్లాట్‌ఫారం గోడ పైబండ, అంటే కోపింగ్, అంచు పట్టాల మధ్యరేఖకు 1670 నుంచి 1680 మిల్లీమీటర్ల నడుమ ఉండాలని నియమం. మొత్తం అవకాశం పది మిల్లీమీటర్లు, మన చిటికెన వేలి మందం కూడా కాదు. పట్టాల మీంచి ఎత్తు విషయంలో 760 నుంచి 840 మిల్లీమీటర్ల వరకూ వెసులుబాటు ఉంది, పక్కకు మాత్రం లేదు. గోడ కాస్త ఒరిగితే చాలు, బండి మెట్టు తగులుతుంది. ఒరగకూడదని దూరంగా కడితే ముసలివాళ్ల కాలు సందులో పడుతుంది. కప్పు నీరు చివరికి బండి ఎక్కేవాడి కాలి దగ్గరికి ఎలా చేరిందో గమనించండి. ఒక డ్రాయింగులో కప్పు, మరో డ్రాయింగులో ప్లాట్‌ఫారం ఉన్నంతకాలం ఈ దారి ఎవరి కంటా పడదు.

అందుకే మట్టి నింపిన గట్టు కాకుండా, కాంక్రీటు పలకల ప్లాట్‌ఫారం కావాలంటాను. ప్రతి 6 మీటర్లకూ నడిమి స్తంభం కింద, అంచుల దగ్గరా నేలలోకి లోతుగా దిగే పైళ్లు వేసి, వాటి తలలను అడ్డ దూలంతో కలిపి, ఆ దూలాల మీద ముందుగా పోసిన పలకలు పరవాలి. కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో ఇది మరీ అవసరం. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది, పైపై ఫుటింగును ఏటా ఎత్తి దించుతుంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్ రీమ్డ్ పైళ్లకు రూపమిచ్చింది, అవి ఇక్కడికి చక్కగా సరిపోతాయి. బోరు వేసి పోసే పైలుకు పట్టాల పక్కన పెద్ద గొయ్యి అక్కరలేదు. అడ్డ దూలం ఉండడం వల్ల తలకిందులైన లోలకానికి అడుగున గట్టి పీట దొరుకుతుంది. స్తంభం ఒంటికాలి మీద నిలబడదు, దాని పాదం ప్లాట్‌ఫారం వెడల్పంతా పరుచుకుంటుంది. పలకల కింద బోలుగా ఉన్న జాగాలో సిగ్నలు తీగలూ నీటి గొట్టాలూ పోతాయి, వాటి కోసం ఏడాదికోసారి ప్లాట్‌ఫారం పగలగొట్టే బాధ తప్పుతుంది. ఎలుకలూ చెత్తా చేరతాయన్న భయం న్యాయమైనదే, పక్కలకు జాలీ పలకలు బిగించి, శుభ్రం చెయ్యడానికి మూతలు పెట్టాలి. మొదటి ఖర్చు మట్టిగట్టు కంటే ఎక్కువే అవుతుంది. దాన్ని దాచను.

నీటి గొట్టం స్తంభం లోపల పెట్టవద్దు. స్తంభం వీపున ఒక గాడి చేసి అందులో బయటికి కనబడేలా పెట్టాలి. ఈ ఒక్క విషయంలో నాకు రాజీ లేదు. నడిమి కాలువలో పావురాల ఈకలు, రావి ఆకులు, ప్లాస్టిక్ కప్పులు చేరతాయి. గొట్టం మూసుకుపోతే 10 సెంటీమీటర్ల నీరు నిలిచినా చదరపు మీటరుకు 100 కిలోల బరువు పెరుగుతుంది, అతుకుల్లో రావి మొక్క మొలుస్తుంది. కాంక్రీటును చీల్చడంలో రావివేరును మించిన ఉలి లేదు. బయటి గొట్టమైతే దెబ్బ తగిలినా, మూసుకుపోయినా కనబడుతుంది, మారుస్తారు. 600 మీటర్ల ప్లాట్‌ఫారం మీద 8 మీటర్ల కప్పు అంటే 4,800 చదరపు మీటర్లు. ఏడాదికి మీటరు వాన పడేచోట దాని మీద పడే నీరు 48 లక్షల లీటర్లు. దాన్ని పట్టాల కంకరలోకి వదిలి బురద చెయ్యకుండా, పలకల కింది బోలులోంచే కాలువలో పంపి, చివర ఇంకుడు గుంతకు చేర్చవచ్చు.

ఇలా కప్పును బేలుగా, అంటే ఒక్కో స్తంభానికి ఒక్కో ముక్కగా, విడగొట్టడం వల్ల ఇంకో మేలు జరుగుతుంది. 45 మీటర్లు దాటిన కాంక్రీటు నిర్మాణానికి వ్యాకోచపు అతుకు ఆలోచించమంటుంది ప్రమాణం. 30 డిగ్రీల తేడాకు 45 మీటర్ల కాంక్రీటు సుమారు 14 మిల్లీమీటర్లు సాగుతుంది. 600 మీటర్ల కప్పును ఒకే ముక్కగా తలపెడితే అది పగలక తప్పదు. ప్రతి బే తన కాలు మీద తాను నిలబడి, ఒక పలక పెదవి పక్క పలక పెదవి మీద వాలి ఉంటే, సాగినా కుంచించినా ఎవరి సర్దుబాటు వారిదే. డబ్బు లేకపోతే ఈ ఏడు ముప్పై బేలు, వచ్చే ఏడు మరో ముప్పై కట్టుకోవచ్చు.

ఇక్కడే నా అసలు కోరిక. ఆ మొదటి ముప్పై బేలు ఎక్కడ మొదలుపెట్టాలి? ఇప్పటి అలవాటు ప్రకారం నడుమ నుంచి మొదలుపెడతారు, డబ్బు అయిపోయినచోట ఆగుతుంది, ఆ ఆగేచోటు ఎప్పుడూ జనరల్ బోగీకి ఇవతలే. 2023 ఆగస్టు 6న అమృత్ భారత్ పథకం కింద 508 స్టేషన్ల పునర్నిర్మాణానికి శంకుస్థాపన జరిగింది. ఇంత పెద్ద ఎత్తున స్టేషన్లు తిరిగి కడుతున్న ఈ సమయంలోనే ఈ మాట అడగాలి. బోగీల వరుస బండికీ బండికీ మారుతుంది కదా అని ఒక సహోద్యోగి నాతో వాదించాడు. మారుతుంది. అందుకే చివరిదాకా కావాలంటున్నాను. ఒక్క చివరకే డబ్బుందంటే ఆ స్టేషన్‌లో ఆగే బండ్ల పట్టిక ముందు పెట్టుకుని, జనరల్ బోగీ ఎక్కువసార్లు ఆగే చివర ఏదో చూసి అక్కడ మొదలుపెట్టవచ్చు. రాబోయే ఏళ్లలో కొత్త లైను పడి ప్లాట్‌ఫారమే జరగబోయే స్టేషన్లలో మాత్రం కాంక్రీటు వద్దు, విప్పి తీసుకెళ్లగల ఇనుప కప్పే అక్కడ సరైనది. సిమెంటు తయారీ గాలిలోకి వదిలే బొగ్గుపులుసు వాయువు గురించి కూడా ఆలోచించాను. పనికిరాని ఎత్తు, స్టేషను ముఖానికి తగిలించే అలంకారపు తొడుగులు వదులుకుంటే ఆ భారం కొంత తగ్గుతుంది, సిమెంటులో కొంత వంతు బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద కలిపితే మరికొంత తగ్గుతుంది, ఉప్పును ఆపడంలోనూ ఆ బూడిద సాయపడుతుంది.

ప్రస్తుతం నా బల్ల మీద ఉన్న డ్రాయింగులో స్తంభాలకు చివరి నుంచి అంకెలు వేశాను. ఒకటో నంబరు స్తంభం ప్లాట్‌ఫారం వాలు మొదలయ్యే చోటికి 3 మీటర్ల ఇవతల ఉంది. దాని కింద రెండు సిమెంటు బల్లలు, ఒక కుళాయి, ఒక దీపం గీశాను. సిగ్నలు విభాగం వాళ్లు వచ్చి, డ్రైవరు కంటి ఎత్తు నుంచి స్టార్టరు కనబడుతుందో లేదో చూసి సంతకం పెట్టాలి. కప్పు అంచును ఇంకో 10 సెంటీమీటర్లు లోపలికి జరపమని అడుగుతారని అనుకుంటున్నాను. జరుపుతాను గానీ, ఆ స్తంభాన్ని మాత్రం తీసెయ్యనివ్వను.